లేదక్క కోటు జేబు

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె లేదక్కే. పక్కింటావిడ గిన్నె పట్టుకుని గుమ్మం ఎక్కి "పంచ..." అనేసరికి లోపలినుంచి "లేదు" అని వినబడేది. ఆవిడ పంచదార అడగడానికి వచ్చిందో, పంచాయితీ చెప్పడానికి వచ్చిందో కూడా తేలేది కాదు. చందాల పుస్తకాలు పట్టుకుని తిరిగే కుర్రకారు ఆ ఇంటి ముందుకొచ్చాక అడుగు ఇంకాస్త వేగంగా వేసేవాళ్ళు. ఆగితే ఇచ్చేది ఎలాగూ లేదు, పైగా తన కష్టాలు పావుగంట వినిపించి వాళ్ళ దగ్గరే ఏదో ఒకటి పుచ్చుకుంటుందని భయం.

ఇంట్లోవాళ్ళకీ అదే వడ్డన. భర్త అచ్చాఫీసులో పుస్తకాలు బైండింగు చేస్తాడు. జీతం కవరు విప్పకుండా తెచ్చి ఆమె చేతిలో పెట్టి, బస్సు చార్జీకీ టీకీ రోజూ చెయ్యి చాపుతాడు. "కొత్త చెప్పులు" అని ఆయన గొణిగితే లేదు. అత్తగారు "కొత్త కళ్ళజోడు" అంటే "లేదండీ అత్తయ్యా" అని రెండు మర్యాదలు చేర్చి అదే ముక్క. ఇద్దరు ఆడపిల్లలు. పద్నాలుగేళ్ళ పెద్దది, ఎనిమిదేళ్ళ చిన్నది. వాళ్ళు మాటలు నేర్చిన వరసలో అమ్మ, అత్త, తాత తర్వాత నాలుగో మాట "లేదు".

ఉన్నమాట చెప్పుకోవాలంటే, ఉంది. లేదక్క దగ్గర డబ్బు బాగానే ఉంది.

ఆమెకి ఈ జబ్బు ఊరికే రాలేదు. వాళ్ళ నాన్న చేతికి ఎముక లేని మనిషి. ఎవరేమడిగినా ఉంది అనేవాడు. లేకపోయినా ఉంది అనేవాడు. ఆ ఉందికి వడ్డీలు కట్టలేక ఇంట్లో సామాను ఒక్కొక్కటే గుమ్మం దాటింది. గడియారం, బల్ల, ఆఖరికి ఈమె పడుకునే మంచం. పదేళ్ళ వయసులో చాపమీద పడుకుని కప్పు చూస్తూ, తన నోట ఆ మాట రాకూడదని తీర్మానించుకుంది. పిల్లలు అలాంటి తీర్మానాలు నాలుగు రోజుల్లో మర్చిపోతారు. ఈ పిల్ల మర్చిపోలేదు.

ఆమె పనిచేసేది ఒక లాండ్రీలో. పన్నెండేళ్ళుగా అక్కడే. మూడు గదుల కొట్టు. ముందు గదిలో బట్టలు తీసుకునే బల్ల, మధ్య గదిలో ఉతికే యంత్రాలు, వెనక గదిలో ఇస్త్రీ. బట్టలు రాగానే ఆమె చేసే మొదటి పని జేబులు వెతకడం. దొరికింది ఏదైనా సరే, చిన్న కాగితం కవర్లో పెట్టి, బట్టల నంబరు వేసి, చొక్కాకి గుచ్చి తిరిగి ఇవ్వాలి. అది యజమాని పెట్టిన నియమం. పన్నెండేళ్ళలో ఆమె ఒక్క పైసా అటూ ఇటూ చేయలేదు. కానీ జేబుల శాస్త్రం మాత్రం క్షుణ్ణంగా నేర్చుకుంది. నోటు మడత చూసి అది ఎవరి చొక్కాలోంచి పడిందో చెప్పేది. చిల్లర వాసన చూసి ఆ మనిషి ఎక్కడ పనిచేస్తాడో చెప్పేది. ఆవలిస్తే పేగులు లెక్కపెడతారంటారే, ఈమెకి ఆవలించడం కూడా అక్కర్లేదు, ప్యాంటు విడిచి ఇస్తే చాలు.

అలాంటి మనిషి సొంత డబ్బు ఎక్కడ దాచాలి? బియ్యం డబ్బాలో, చీర మడతల్లో దాచేవాళ్ళని చూస్తే ఆమెకి నవ్వొచ్చేది. ఆమె బాగా ఆలోచించి భర్త పెళ్ళికోటు లోపలి జేబు ఎంచుకుంది. పెళ్ళప్పుడు ఆయన వెదురుబొంగు. ఆ తర్వాత పొట్ట వచ్చి, ఆ కోటు బొత్తాలకీ కన్నాలకీ మధ్య జానెడు దూరం తేలింది. పదిహేనేళ్ళుగా అది బీరువాలో ఒక మూల వేలాడుతోంది. ఇంట్లో అంత పనికిరాని వస్తువు ఇంకోటి లేదు కాబట్టి దాన్ని మించిన భద్రత ఇంకెక్కడా లేదని ఆమె లెక్క. ఇంటి ఖర్చులో రోజూ గీకి మిగిల్చింది ఆ జేబులో వేసేది. శనివారం పొద్దున్న జేబు దులిపి బ్యాంకులో కట్టేసేది. బ్యాంకు పుస్తకం ఇంటికి రానే రాదు. అది లాండ్రీలో, ఆమె ఇస్త్రీ బల్ల సొరుగులో, గంజి ప్యాకెట్ల కింద ఉంటుంది.

ఈ దాపరికానికి ఒక కారణం పుట్టుకొచ్చింది కూడా. లాండ్రీ యజమానికి డెబ్బై అయిదు దాటాయి. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఒకరోజు ఆమెని పిలిచి, "అమ్మాయ్, మూడు నెలల్లో నేను కొట్టు వదిలేస్తాను. యాభై వేలు చేతిలో పెడితే యంత్రాలతో సహా నీకే రాసిస్తా. నీ వల్ల కాదంటే చెప్పు, పక్క వీధి డ్రైక్లీనింగ్ అతను కాచుక్కూచున్నాడు" అన్నాడు.

"అంత ఎక్కడుందండీ" అంది ఆమె, అలవాటు చొప్పున. కానీ లోపల లెక్క మొదలైంది. బ్యాంకులో నలభై ఉంది. నెలకి మూడు చొప్పున మూడు నెలలకి తొమ్మిది. ఇంకా ఒక్క వెయ్యి తక్కువ. పన్నెండేళ్ళు ఇంకొకరి బల్ల ముందు నిలబడి ఇస్త్రీ చేసిన మనిషికి ఆ బల్ల తనదవుతుందంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు. డబ్బుందని తెలిస్తే భర్త చెప్పులు, అత్తగారి కళ్ళజోడు, పిల్లల కోరికలు వరసగట్టి వస్తాయి. అవన్నీ తీరేసరికి కొట్టు పక్కవీధివాడిదవుతుంది. నాన్న చేసిన పని తాను చేయకూడదు. అందుకని లేదు అనే మాటకి ఇంకాస్త పదును పెట్టింది.

మొదటి నెల మూడో శనివారం కోటు జేబులో డబ్బు తీసి చూసుకుంది. ఏడువందల పది ఉండాలి. ఏడువందల నలభై ఉంది. మళ్ళీ లెక్కపెట్టింది. మంచం మీద పరిచి లెక్కపెట్టింది. నలభయ్యే.

తగ్గితే దొంగ పడ్డాడనుకోవచ్చు. వీధి వీధంతా లేపి గోల చేయొచ్చు. పెరిగితే ఎవర్ని పట్టుకుని ఏమని అడగాలి? తనే పొరపాటు పడిందనుకుంది. అలా అనుకోవడం ఆమెకి కొత్త, పైగా ఇబ్బంది కూడా. పై వారం డబ్బు వేసినప్పుడల్లా అరచేతి మీద పెన్నుతో రాసుకుంది. శనివారం వచ్చేసరికి డెబ్బై అయిదు ఎక్కువుంది.

ఇక ఆ రోజు బ్యాంకుకి వెళ్ళలేదు. తలుపు గడియ పెట్టి, నోట్లూ చిల్లరా దుప్పటి మీద వరసగా పేర్చి, లాండ్రీలో జేబులు చదివినట్టు చదవడం మొదలుపెట్టింది. రెండు నోట్లకి బంక వాసన. బైండింగు బంక. భర్త. ఒక నోటు ఎనిమిది మడతలు పెట్టి వేలిగోరంత చేసి ఉంది, విప్పితే తలనొప్పి మందు ఘాటు కొట్టింది. అత్తగారు. ఇంకో నోటు ముడత లేకుండా ఇస్త్రీ చేసినట్టుంది, లావుపాటి పుస్తకంలో పెట్టి ఉంచితే అలా అవుతుంది. పెద్దది. మూడు నాణేలు వేళ్ళకి అంటుకున్నాయి, చప్పరించిన బిళ్ళ తాలూకు జిగురు. ఇంక చెప్పేదేముంది.

లోకంలో ఎవరికీ తెలియదనుకున్న జేబులో ఇంటిల్లిపాదీ చేతులు పెడుతున్నారు. కోపం ముంచుకొచ్చింది. ఆ తర్వాత అనుమానం వచ్చింది. చేతులు పెట్టినవాళ్ళు తియ్యాలి గానీ వెయ్యడం ఏమిటి? నలుగురూ కూడబలుక్కుని తనని మంచి చేసుకుని, పెద్ద కోరికేదో కోరబోతున్నారు. అదే అయివుంటుంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర గాలానికి ఎర గుచ్చింది. "బీరువాలో ఎలకలు తిరుగుతున్నాయేమో. బట్టలు కదిలినట్టున్నాయి" అంది, ఎవరివంకా చూడకుండా.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, భర్తకి పొలమారింది. అత్తగారు "నేను కలరా ఉండలు వేశాను, అంతే" అంది, ఎవరూ అడక్కుండానే. పెద్దది నీళ్ళ గ్లాసులో మొహం దాచింది. చిన్నది అందరి వంకా చూసి, ఎందుకో తెలియకుండా తనూ తల దించుకుంది. కానీ ఒకరినొకరు చూసుకున్న చూపుల్లో కుట్ర లేదు. ఎవరికి వారే తేలు కుట్టిన దొంగలు. ఒకరు వేస్తున్నట్టు ఇంకొకరికి తెలియదు. లేదక్క ఆ సంగతి ఇట్టే పసిగట్టింది.

మరెందుకు వేస్తున్నారు? ఆ కూపీ లాగడానికి ఆమెకి రెండు రోజులు పట్టింది. అత్తగారిని మాటల్లో పెట్టి, "ఈ నెల గడిచేదెలాగో" అని నిట్టూర్చింది. ముసలావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నువ్వెంత గుట్టుగా నెట్టుకొస్తున్నావో నాకు తెలుసు అమ్మాయ్. ఇంటి మొత్తానికి మిగిలింది నూటముప్ఫయ్యే అని కూడా తెలుసు. నన్నేం అడక్కు" అంది.

అప్పుడు వెలిగింది. ఏ సోమవారమో మంగళవారమో ఈవిడ కలరా ఉండలు వేస్తూ జేబు తడిమింది. శనివారమే బ్యాంకుకి పోయింది కాబట్టి అందులో నూటముప్ఫయ్యే కనబడింది. అది ఆ వారపు చిల్లర అనుకోలేదు, ఇంటి మొత్తం ఆస్తి అనుకుంది. మిగతా ముగ్గురూ అంతే. అచ్చాఫీసులో ఫోటో తీస్తారంటే ఒకసారి ఆశగా కోటు తొడిగి చూసుకున్నాడు భర్త. పొట్ట పట్టలేదు గానీ జేబు దొరికింది. పెద్దది బడి నాటకానికి ఆ కోటు పనికొస్తుందేమోనని తీసి చూసింది. చిన్నది దాగుడుమూతలాటలో బీరువాలో దూరింది. ఎవరికి వారే ఆ కాసిని నోట్లూ చూసి, పాపం అమ్మ, పాపం మా ఆవిడ అనుకుని, తలా ఒక చెయ్యి వేశారు.

ఇక్కడ కథ ఆగిపోవాలి కదా. మంచి మనిషైతే ఆ పూటే నలుగురినీ కూర్చోబెట్టి నిజం చెప్పేసేది. లేదక్క చెడ్డ మనిషి కాదు గానీ, ఆమెకి ఒక్క వెయ్యి తక్కువుంది.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం మొదలుపెట్టింది. మంచి తువ్వాలుకి నలుగురూ చూసేలా అతుకు వేసింది. పొయ్యి దగ్గర ఖాళీ డబ్బా బోర్లించి, అడుగున తట్టి, ఓ నిట్టూర్పు విడిచింది. భర్త ఎదురుగా నిలబడి, "నాకు టీ వద్దులెండి, తలనొప్పి" అంది. ఆ వారం జేబు నూటయాభై ఎక్కువ పలికింది. పై వారం కూర వడ్డిస్తూ తన కంచంలో మాత్రం వేసుకోలేదు. వంటింట్లో ముందే తిన్న సంగతి గిన్నెకి తెలుసు. ఆ శనివారం రెండువందలు ఎక్కువ. ఒక నిట్టూర్పుకి ఇంత, ఒక అతుకుకి ఇంత అని ఆమెకి ధరలు కూడా తెలిసిపోయాయి. పన్నెండేళ్ళు ఇస్త్రీ చేసినా ఇంత సులువుగా డబ్బు రాలేదు.

ఇంట్లో మార్పులు ఆమె చూడలేదనుకోకండి, చూసింది. భర్త ఓ అరగంట ముందే బయల్దేరుతున్నాడు, చెమటతో తిరిగొస్తున్నాడు, పొట్ట తగ్గుతోంది. ఆరోగ్యానికి మంచిదే కదా అనుకుంది. అత్తగారి మంచం మీద వారపత్రిక కనబడటం లేదు. కళ్ళకి విశ్రాంతి అనుకుంది. పెద్దది వేరే పిల్లల రికార్డు పుస్తకాలు బొమ్మలతో సహా తనే రాస్తోంది. చేతిరాత కుదురుతుంది అనుకుంది. చిన్నది నాన్న ఇచ్చే చిరుతిండి డబ్బులకి ఏమీ కొనుక్కోవడం లేదు. పళ్ళు పాడవకుండా ఉంటాయి అనుకుంది. ప్రతిదానికీ ఒక మంచి కారణం దొరికింది. దొరక్కపోతే ఆమె వెతికి తెచ్చుకునేది. మూడో నెల రెండో వారానికి ఎక్కువ వచ్చిన డబ్బు తొమ్మిదివందల అరవై అయింది. కొట్టు దాదాపు చేతికొచ్చినట్టే.

ఆ ఆదివారం పొద్దున్న ఇంటి బట్టలు ఉతుకుతోంది. తెల్ల సాక్సులు వేరుచేసి నానబెట్టడం ఆమె పద్ధతి. చిన్నదాని సాక్సులు తీసింది. బొటనవేలి దగ్గర గోధుమరంగు మరక. మట్టి మరక నీళ్ళు తగలగానే కరుగుతుంది, ఇది కరగలేదు. రెండో సాక్సుకి మడమ దగ్గర ఇంకోటి. చన్నీళ్ళలో ఉప్పు వేసి నానబెట్టాల్సిన నెత్తుటి మరక అది. ఎంతమంది బట్టల మీద చూసిందో ఆ మరకని. ఆమె చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి.

చిన్నది మెట్ల మీద కూర్చుని బొమ్మకి జడ వేస్తోంది.

"ఇలా రా. కాళ్ళు నొప్పిగా ఉన్నాయా?"

"లేదు."

"బూట్లు బిగుతయ్యాయా?"

"లేదు."

కళ్ళు ఆర్పకుండా, మాట తడబడకుండా, అడిగీ అడగగానే. ఎవరి దగ్గర నేర్చుకుందో ఎవరినీ అడగక్కర్లేదు. లేదక్క వెళ్ళి గుమ్మం పక్కనున్న బూట్లు తెచ్చి లోపల చెయ్యి పెట్టింది. ముందు భాగంలో అట్ట చిరిగి వేళ్ళ గుర్తులు గుంటలు పడి ఉన్నాయి. వెనక భాగం అణగదొక్కి నడిచి, బడి గేటు దగ్గర మాత్రం పైకి లాక్కుంటున్న మడమ మడత కనబడింది. ఆ బూటు కనీసం రెండు సైజులు చిన్నది.

పెద్దదాన్ని పిలిచి అడిగితే అది నీళ్ళు నమిలింది. "నెల క్రితమే నాకు చెప్పిందమ్మా. బళ్ళో టీచరు కూడా చీటీ ఇచ్చింది, కొత్తవి కొనమని. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

"ఎందుకు?"

"చెబితే నువ్వు వంటింట్లోకెళ్ళి ఏడుస్తావట."

లేదక్క నిజంగానే వంటింట్లోకి వెళ్ళింది. ఆ మూడు నెలల్లో ఆమె నిట్టూర్పులు ఎన్నో విడిచింది గానీ, ఏడవడం అదే మొదటిసారి. తన మీద తనకి అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. మంచం పోయిన రోజు నాన్న మీద వచ్చిన కోపం ఇంతకంటే చిన్నది. ఆయన బయటివాళ్ళకి పెట్టి ఇంటివాళ్ళని చాపమీద పడుకోబెట్టాడు. తను ఇంటివాళ్ళ దగ్గరే లాక్కుంది.

మధ్యాహ్నం లాండ్రీకి వెళ్ళి, గంజి ప్యాకెట్ల కిందనుంచి పుస్తకం తీసుకుని వచ్చింది. నలుగురూ భోజనాలకి కూర్చున్నారు.

"మనకి డబ్బుంది" అంది.

అత్తగారు చెయ్యి చాపి కోడలి నుదురు తాకి చూసింది. "జ్వరం లేదే" అంది కొడుకుతో.

"నాకేం కాలేదు అత్తయ్యా. మనకి డబ్బుంది. ఎప్పట్నుంచో ఉంది."

బ్యాంకు పుస్తకం మధ్యలో పెట్టింది. భర్త చెయ్యి తుడుచుకుని తెరిచాడు. చివరి పేజీ చూశాడు, మొదటి పేజీకి వెళ్ళాడు, మళ్ళీ చివరికి వచ్చాడు. పుస్తకాల మనిషి కదా, కుట్టు సరిగ్గా ఉందో లేదో కూడా చూశాడు.

"ఎవరిదిది?" అన్నాడు.

"మనదే. లాండ్రీ కొందామని. కోటు జేబులోది వారానికోసారి ఇందులోకి పోతుంది. మీరు చూసిన చిల్లర అంతే. మీరంతా దాంట్లో వేస్తున్నారని నెలన్నర క్రితమే తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను. ఊరుకోవడం కాదు, ఇంకా వెయ్యాలని వేషాలు వేశాను. ఆ తువ్వాలు కూడా చిరగలేదు."

ఒకే జేబులో తలా కాస్త వేస్తున్నట్టు ఆ నలుగురికీ అప్పుడు తెలిసింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అంటే నేను రోజూ మూడు స్టాపులు నడిచింది..." అన్నాడు భర్త.

"పొట్ట తగ్గిందిగా" అంది ఆమె.

"తగ్గింది సరే. చెప్పు అడుగున కన్నం పడింది, అట్టముక్క పెట్టుకున్నాను."

అందరికంటే అత్తగారికి ఎక్కువ మండింది. "వారపత్రిక మానేశానే నేను. ఆ సీరియల్లో డాక్టరు ఆ పిల్లని చేసుకున్నాడో లేదో నాకిప్పటికీ తెలీదు. ఇంకో పది వారాలైతే నేను ఉంటానో పోతానో. ఆ పాపం నీదే అమ్మాయ్" అంది.

"పాత సంచికలన్నీ తెచ్చిస్తాను అత్తయ్యా."

"తేవాలి. వరసగా తేవాలి."

లేదక్క కాగితం కవర్లు తీసింది. లాండ్రీలో చేసినట్టే నాలుగు కవర్లు, ఎవరి పేరుతో వాళ్ళవి. ఎవరు వేసింది వాళ్ళకి తిరిగి ఇచ్చేసింది. అత్తగారు లెక్కపెట్టుకుని, "పది ఎక్కువుంది" అంటే "వడ్డీ" అంది. చిన్నది నాణేలు గుప్పిట్లో పట్టుకుని, వాటిని మళ్ళీ ఎక్కడ వెయ్యాలో తెలియనట్టు నిలబడింది.

"ఇప్పుడు అడగండి. ఎవరికేం కావాలో అడగండి" అంది లేదక్క.

పదిహేనేళ్ళుగా ఆమె భయపడింది ఈ ఘడియకే. కోరికలు వరద కట్టి వచ్చిపడతాయని, ఇల్లు కొట్టుకుపోతుందని. ఆ వరద కోసం ఇప్పుడు నడుం బిగించి నిలబడింది. ఎవరూ అడగలేదు. భర్త "నాకేం వద్దు, నడక అలవాటైంది" అన్నాడు. అత్తగారు "ఈ కళ్ళజోడుతో కనబడుతోందిలే" అంది. పెద్దది "ఏం లేవమ్మా" అంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అమ్మ గరిటె పట్టుకుని నిలబడితే అడిగే నోరు లేదు. ఆ నోళ్ళన్నీ మూయించింది తనే. పుస్తకం అక్కడే వదిలేసి కంచాలు తీసింది.

సోమవారం పొద్దున్నే యజమాని దగ్గరికి వెళ్ళింది. గడువుకి వెయ్యి తక్కువ పడుతుందని, బూట్లూ చెప్పులూ కొంటే ఇంకో మూడు తక్కువ పడుతుందని ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి ఆమెని ఎగాదిగా చూశాడు.

"నీ నోట ఉన్నమాట వినడం ఇదే మొదటిసారి. సరే, ఆ నాలుగు వేలూ నిదానంగా ఇవ్వు. కానీ ఒక షరతు. నేను బతికున్నన్నాళ్ళూ నా బట్టలు ఉచితంగా ఇస్త్రీ చేసిపెట్టాలి."

ఆమె ఆయన్ని పైనుంచి కిందదాకా చూసింది. మోకాళ్ళు తప్ప మనిషి దుక్కలా ఉన్నాడు. "పదేళ్ళు" అంది. "ఆ తర్వాత సగం ధర."

ఆయన పడిపడి నవ్వి, సరే అన్నాడు.

ఆ సాయంత్రం బడి గేటు దగ్గర చిన్నదాన్ని పట్టుకుని, తిన్నగా పెద్దబజారులో బూట్ల కొట్టుకి తీసుకెళ్ళింది. గుమ్మం బయటే ఆపి చెప్పింది. "లోపల నువ్వు నోరు తెరవకు. బేరం నేనాడతాను."

చిన్నది సరేనని తలూపింది. కొట్టతను నాలుగు జతలు తీసి పరిచాడు. అది అన్నిట్లోకీ చవగ్గా కనబడే జత మీద వేలు పెట్టింది. లేదక్క ఆ వేలు పట్టుకుని పక్కకి జరిపి, మెత్తటి అట్టా లావుపాటి అడుగూ ఉన్న జత తీసి, తనే కింద కూర్చుని తొడిగింది. చిన్నదాని మడమకి కట్టిన గుడ్డపట్టీ తగలకుండా మెల్లగా తొడిగింది. వేళ్ళు కదపమంది. కదిలాయి. కొట్టులో ఆ చివరికీ ఈ చివరికీ నడవమంది. అది మొదట కుంటుతూ వెళ్ళింది. అలవాటు. సగం దూరం పోయాక కుంటడం మర్చిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఒక గంతు వేసింది.

"ఎంతయ్యా?" అంది లేదక్క.

"పదకొండువందలమ్మా."

ఆమె నవ్వింది. ఇక ఆమె రాజ్యం. "అయిదువందలు చేసుకో."

"గిట్టదమ్మా. అట్ట చూడు, కుట్టు చూడు."

"కుట్టు సంగతి నాకు చెప్పకు, మా ఇంట్లో బైండింగు చేసేవాడున్నాడు. అయిదున్నర. మా దగ్గర అంతకుమించి లేదయ్యా. నెలాఖరు, పిల్లలవాళ్ళం."

కొట్టతను ఆ మొహం చూసి మెత్తబడ్డాడు. ఆమె మొహం అటువంటిది, పదిహేనేళ్ళు సాధన చేసిన మొహం. "పోనీ, ఏడువందలు..." అని నోరు తెరిచాడు.

చిన్నది అమ్మ కొంగు పట్టుకుని లాగింది. దానికి కంగారు పుట్టింది. నిన్న అంతా చెప్పిన అమ్మ ఇవాళ మర్చిపోయిందేమోనని.

"ఉంది కదమ్మా" అంది, కొట్టంతా వినబడేలా. "నువ్వే చెప్పావుగా నిన్న. మనకి చాలా ఉంది. బ్యాంకు పుస్తకం నిండా ఉంది. లాండ్రీ కూడా కొంటున్నాంగా. ఉందండీ" అని కొట్టతనికి కూడా భరోసా ఇచ్చింది.

కొట్టతను తెరిచిన నోరు మూసుకున్నాడు. పక్క బల్ల మీద చెప్పులు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు తలతిప్పి చూశారు. వాళ్ళలో ఒకావిడ వీళ్ళ వీధిలో ఆమే. పొద్దుగూకేలోగా ఈ మాట పాతిక గుమ్మాలు ఎక్కుతుందని, రేపట్నుంచి గిన్నెలు పట్టుకుని బారులు తీరుతారని లేదక్కకి తెలుసు. చిన్నదాన్ని చూసింది. కొత్త బూట్లలో నిలబడి, అమ్మ ఏమంటుందోనని మొహంలోకి మొహం పెట్టి చూస్తోంది. మళ్ళీ వంటింటి ఏడుపు వస్తుందేమోనని వెతుకుతోంది.

"అవునయ్యా, ఉంది" అంది లేదక్క.

పదకొండువందలూ లెక్కపెట్టి బల్లమీద పెట్టింది. ఒక్క నోటు తగ్గించకుండా వస్తువు కొనడం ఆమె పుట్టిన తర్వాత అదే మొదలు. చిన్నది ప్రతి నోటునీ, దాని వెంట అమ్మ మొహాన్నీ చూస్తూ నిలబడింది. ఆఖరి నోటు కూడా అయ్యాక, ఆ మొహంలో ఏడుపేమీ లేదని తేల్చుకున్నాక, కొంగు మళ్ళీ ఒకసారి లాగింది.

"అమ్మా, సాక్సులు కూడా కొంటావా?"

"కొంటాను. ఎన్ని కావాలి?"

చిన్నది రెండు వేళ్ళు ఎత్తింది. కాసేపు ఆలోచించి మూడోది కూడా ఎత్తింది.